పేరు మార్చిన అర్జీ

పోయినవారం మనం పెద్దకోడల్ని పట్నంలో సైనికుల ఆఫీసు మెట్ల మీద వదిలేసి వచ్చాం. చనిపోయిన కొడుకు సామాను మూట ఒళ్ళో, గుమాస్తా అన్న మాట చెవిలో. ఆ గుమాస్తా చెడ్డవాడేమీ కాదు. మూట ఇచ్చినట్టు వేలిముద్ర వేయించుకుంటూ, నోరు ఊరుకోక అనేశాడు. "మీ ఇంటికి మినహాయింపు చీటీ ఇచ్చాం కదమ్మా. పెద్దవాడని మొదట మీ అబ్బాయి పేరే రాశాం. వారం తిరక్కుండా ఆ పేరు తీసేసి రెండోవాడి పేరు వెయ్యమని మీ ఇంటి నుంచే అర్జీ వచ్చింది. కింద ఎవరో ఆడమనిషి వేలిముద్ర." అన్నాక గాని తనేం అన్నాడో అతనికి తెలియలేదు. తెలిశాక తల దించుకుని, వరసలో వెనకున్న మనిషిని పిలిచేశాడు.

కథలోకి ఈ వారమే వచ్చినవాళ్ళకి ఆ ఇంటి సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. అది బండ్లు కట్టే ఇల్లు. ఒక అత్తగారు, ఇద్దరు కోడళ్ళు, కోడలికొకడు చొప్పున ఇద్దరు మనవలు. వెనకటి యుద్ధంలో అత్తగారి కొడుకులిద్దరూ పోయారు. పెద్దవాడు చనిపోయాడని కాగితం వచ్చింది. చిన్నవాడి ఆచూకీ తెలియడం లేదని కాగితం వచ్చింది, పాతికేళ్ళయినా తెలియలేదు. మామగారు ఆ దిగులుతోనే మంచం పట్టి వెళ్ళిపోయాడు. ఆడవాళ్ళు ముగ్గురూ రెక్కలు ముక్కలు చేసుకుని పిల్లల్ని పెంచితే, వాళ్ళు చేతికందేసరికి రెండో యుద్ధం వచ్చింది. ఒకసారి ఇద్దర్ని పోగొట్టుకున్న ఇల్లు, పైగా బండ్ల పని తెలిసిన ఇల్లు కాబట్టి ఒక్క మగవాణ్ణి ఉంచుకోవచ్చని సర్కారు చీటీ పంపింది. పెద్దకోడలి కొడుకు వెళ్ళాడు, చిన్నకోడలి కొడుకు ఉండిపోయాడు. వెళ్ళినవాడు మొన్న చలికాలంలో చనిపోయాడు.

చీటీ మీద చిన్నవాడి పేరు రాసింది సర్కారేనని మూడేళ్ళుగా పెద్దకోడలు నమ్మింది. సర్కారు మీద ఏం కోపం పెట్టుకుంటాం? వాన మీద కోపం పెట్టుకున్నట్టే. ఇప్పుడా కోపానికి ఒక బొటనవేలు దొరికింది. ఇంట్లో తను కాక వేలిముద్ర వేసే ఆడవాళ్ళు ఇద్దరే. వాళ్ళలో ఒకామె ఆ రెండోవాడి కన్నతల్లి.

ఆ రోజు తిరుగుదారికి బండి దొరకలేదు. మర్నాడు పొద్దున్నే ఉల్లిపాయల బస్తాలు దించి ఖాళీగా వెళ్తున్న బండి ఒకటి ఎక్కింది. బండివాడు ఎరిగినవాడే. ఆ చక్రాలు ఆమె మామగారు కట్టినవని, ఇప్పటికీ ఇరుసు కిక్కురుమనదని చెప్పాడు. మూట చూసి పగ్గాలు సవరించుకున్నాడు. తర్వాత మాట మార్చబోయి, రేపు మధ్యాహ్నం సైన్యం లారీ వస్తోందట, గొడ్లసంత మైదానంలో కుర్రాళ్ళ పేర్లు రాసుకుంటారట అన్నాడు. "మీ చీటీబాబుకి ఆ బాధ లేదులే" అని నవ్వాడు. ఊళ్ళో చిన్నకోడలి కొడుక్కి స్థిరపడిపోయిన పేరది. ఎదురుపడితే బాబు, వెనక తిరిగితే చీటీబాబు. బండ్లవాళ్ళ ఇంట్లో ఒక చక్రం ఊరికే తిరుగుతోందని కూడా అంటారు. వాళ్ళ ఇళ్ళలో యుద్ధానికి వెళ్ళిన పిల్లల ఖాళీ కంచాలున్నాయి, అంటే అననీ అని ఇన్నాళ్ళూ పెద్దకోడలే తోడికోడలికి సర్దిచెప్పేది. ఇవాళ ఆ నవ్వు వింటే ఒళ్ళంతా చీమలు పాకినట్టయింది. ఆ నవ్వులో తనూ పాలు పంచుకోవాలనిపించినందుకు సిగ్గేసింది కూడా.

ఆమెకి నలభై తొమ్మిదేళ్ళు. జుట్టు సగం తెల్లబడింది, మోకాళ్ళు లేవమంటే ఆలోచించుకుంటున్నాయి, అయినా ఊరికి ఆమె ఇంకా పెద్దకోడలే. అత్తగారు బతికున్నంతకాలం కోడలికి వయసు రాదు. వీధి మలుపు దగ్గర దిగి, మూట చంకలో పెట్టుకుని నడుస్తుంటే ఏడుపు రాలేదు. చలికాలంలోనే అయిపోయింది అదంతా. ఇప్పుడున్నది అలసట. ఒక మనిషిని పట్టుకుని ఒక మాట అడగాలి, దానికి బదులు వినాలి, ఆ విన్నదానితో మళ్ళీ ఆ ఇంట్లోనే బతకాలి.

ఇంటి ముందు కొట్టంలో చిన్నబ్బాయి పని చేస్తున్నాడు. చక్రం నడిమి కుండ నేల మీద బోర్లించి ఉంది, దాని చుట్టూ ఊచల్లాంటి ఆరు చెక్క ఆకులు బిగించి ఉన్నాయి. ఏడో ఆకుని మోకాళ్ళ మధ్య నిలబెట్టి బాడిశతో చెక్కుతున్నాడు. చెక్కపేళ్ళు పాదాల మీద కుప్పపడ్డాయి. ఆమెని చూడగానే లేచి, చేతులు పంచెకి తుడుచుకుని ఎదురొచ్చాడు.

"ఇచ్చారా పెద్దమ్మా?"

ఇచ్చారని తలూపింది. మూట అందుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు. ఎప్పుడూ అలా చెయ్యని మనిషి. వాడు చెయ్యి వెనక్కి తీసుకుని, ఎండన పడి వచ్చావు, ముందు కాసిని నీళ్ళు తాగమన్నాడు. వాడికి తండ్రి ముఖం తెలియదు. తండ్రి వెళ్ళిన నాలుగు నెలలకి పుట్టాడు. పుట్టినప్పుడు తల్లికి జ్వరం తగిలి పాలు లేకపోతే, అప్పటికి మూడేళ్ళు దాటినా పాలు మానని తన కొడుకుని పక్కకి నెట్టి వీడికి పాలిచ్చింది తనే. నెట్టినందుకు వాడు ఇల్లెగిరిపోయేలా ఏడ్చేవాడు. ఆ సంగతి ఇవాళ ఎందుకు గుర్తుకు రావాలి? ఆమె వాడి వైపు చూడకుండా లోపలికి వెళ్ళింది.

చిన్నకోడలు వంటింట్లో ఉంది. నిన్నటి నుంచి ఎదురుచూస్తోందని పొయ్యి దగ్గర మూత పెట్టి ఉంచిన గిన్నెలే చెప్పాయి. పీట వేసింది, కంచం పెట్టింది, వడ్డించింది. పెద్దకోడలు మూట పక్కన పెట్టుకుని కూర్చుంది. ఈ ఇద్దరూ ఇరవయ్యారేళ్ళుగా ఒకే పొయ్యి ముందు కూర్చున్నారు. తోడికోడళ్ళకి పడదంటారు. వీళ్ళకి పడకపోయే తీరిక ఎప్పుడూ దొరకలేదు. ఒకరు రంపానికి అటు పట్టుకుంటే ఒకరు ఇటు పట్టుకుని, మగవాళ్ళు లేని కొట్టంలో దుంగలు కోసిన రోజులున్నాయి.

పెద్దకోడలు కంచంలో చెయ్యి పెట్టలేదు.

"చీటీలో మొదట నా కొడుకు పేరే ఉందట," అంది. "ఈ ఇంటి నుంచి అర్జీ పెట్టి మార్పించారట. కింద ఆడమనిషి వేలిముద్ర ఉందట. ఎవరిది?"

చిన్నకోడలు అర్థం కానట్టు నటించలేదు. ఏ చీటీ, ఏ అర్జీ అని అడగలేదు. గరిటె గిన్నెలో వదిలేసి, అలాగే గోడకి చేరగిలబడి కూర్చుంది. తెలుసన్నమాట. పెద్దకోడలికి ముందు తగిలిన దెబ్బ అదే. వేలు ఎవరిదైనా కానీ, ఈమెకి తెలుసు. తెలిసి మూడేళ్ళు పక్కన పడుకుంది. చనిపోయాడన్న కాగితం వచ్చిన రోజు తనని గట్టిగా పట్టుకుని కూర్చుంది ఈమే. అప్పుడూ తెలుసు.

"నాది కాదక్కా," అంది చిన్నకోడలు.

"మరి?"

"ముందు నా సంగతి చెప్పనీ. నాది కాదన్నానని మంచిదాన్నయిపోను."

అని మెల్లగా, దారం ముడి విప్పుతున్నట్టు చెప్పుకొచ్చింది. చీటీ పెద్దవాడి పేరున వచ్చిందని వాడు నానమ్మ ఒక్కత్తెకే చదివి చెబుతుంటే చాటున విన్న నాడు తనూ మనసులో తలూపింది. పెద్దవాడు, పని బాగా వచ్చినవాడు, న్యాయమే. పడుకుంటే మాత్రం నిద్ర లేదు. ఊరందరికీ మొగుడు ఉండడమో పోవడమో ఉంది, తనకి ఆ రెండూ లేవు. ఉన్నది ఒక్క కొడుకు. వాడూ అలా వెళ్ళి, ఆచూకీ లేదని ఇంకో కాగితం వస్తే? మూడు రోజులు ఓర్చుకుంది. నాలుగో రోజు, పట్నంలో పంటినొప్పికి మందు తెచ్చుకుంటానని చెప్పి బయల్దేరింది.

"నాకు గుర్తుంది," అంది పెద్దకోడలు. "లవంగాలు నేనే కట్టి ఇచ్చాను, దారిలో నమలమని."

"ఇచ్చావు." చిన్నకోడలు కొంగుతో మొహం తుడుచుకుంది. "అవి నములుతూనే వెళ్ళానక్కా, నీ కొడుకు పేరు కొట్టించడానికి. కాళ్ళ మీద పడైనా సరే కొట్టించాలనే వెళ్ళాను. ఆఫీసు మెట్లెక్కుతుంటే ఎదురుగా నీ కొడుకే దిగివస్తున్నాడు. గుడికని ఇంట్లో చెప్పి తెల్లారకముందే బయల్దేరిన నానమ్మని చెయ్యిపట్టుకుని దింపుకుంటూ. నన్ను చూసి ఏమీ అడగలేదు. ఎందుకొచ్చానో వాడికి తెలిసిపోయింది. 'పిన్నీ, నువ్వు లోపలికి వెళ్ళక్కర్లేదు, అయిపోయింది, ఇంటికి పద' అన్నాడు."

పొయ్యిలో పుల్ల ఒకటి కూలింది. ఎవరూ ఎగదోయలేదు.

"వద్దురా అన్నావా?" అని అడిగింది పెద్దకోడలు.

"అనలేదు."

"ఒక్కసారైనా?"

"ఒక్కసారీ అనలేదక్కా. నోట్లో లవంగం ఉంది. దాన్నే నములుతూ నిలబడ్డాను. తీసుకున్నాను. వాడు ఇచ్చాడు, నేను తీసుకున్నాను."

పెద్దకోడలు లేచింది. కొట్టాలనిపించిందో, పట్టుకోవాలనిపించిందో ఆమెకే తెలియలేదు. అబద్ధమాడి ఉంటే బాగుండేది, తిట్టిపోసేది. నిజం చెప్పినవాళ్ళని ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు. అన్నం కంచం అలాగే వదిలి పెరట్లోకి నడిచింది. చిన్నకోడలు వెనకే వచ్చి గుమ్మంలో ఆగింది.

పెరట్లో అత్తగారు నీడన చాప వేసుకుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. చూపు మందగించింది, చెవులు మాత్రం పాము చెవులు. వంటింటి కిటికీ ఆమె తల పైనే ఉంది. కోడలు వచ్చి ఎదురుగా నిలబడేసరికి ఒలిచిన గింజలు పక్కకి జరిపి, కుడిచెయ్యి బొటనవేలు చూపించింది.

"ఇదే," అంది. "దాన్ని అనకు. వేలు నాది."

పెద్దకోడలు చాప అంచున కూర్చుంది. ఆ ఇంటికి వచ్చిన నాటి నుంచి అత్తగారు తనకి అడ్డు చెప్పింది లేదు, తను ఆమె మాట కాదన్నదీ లేదు. ఎందుకు వేశారత్తయ్యా అని అడిగే అవసరం రాలేదు. ముసలామే అందుకుంది. వాడే వచ్చాడని, ఇక్కడే, ఈ చాప మీదే పక్కన కూర్చుని అడిగాడని చెప్పింది. అర్జీ వాడే రాసుకొచ్చాడు. ఇంటి పెద్ద వేలిముద్ర ఉంటే గాని పేరు మార్చరట. తను ఛీ కొట్టింది. నీ తల్లికి ఏమని చెప్పనురా అంది. రెండు రోజులు వాడితో మాట్లాడలేదు. మూడో రోజు వాడొక మాట అన్నాడు.

"ఏమన్నాడు?"

"'నేను మా నాన్న భుజాలెక్కాను నానమ్మా, ఆ ఊపు నాకింకా గుర్తుంది. తమ్ముడికి అదీ లేదు. ఇంక వాడి దగ్గర ఏం తీసుకుంటాం?' అన్నాడు." ముసలామె ఒళ్ళో పొట్టు దులుపుకుంది. "మీ అమ్మతో చెప్పి వెళ్ళరా అన్నాను. 'చెబితే అమ్మ గుమ్మానికి అడ్డంగా పడుకుంటుంది, నేను దాటలేను' అన్నాడు."

నిజమే. పడుకునేది. అర్జీ సంగతి తెలిసి ఉంటే పట్నం దాకా పరిగెత్తేది, ఆ కాగితం చింపేది, తోడికోడలి కొడుకుని పంపించి తన కొడుకుని ఉంచుకునేది. ఉంచుకుని, ఇప్పుడు చిన్నకోడలు నిలబడ్డ చోట తను నిలబడేది. ఆ సంగతి ఆమెకి తెలుసు. తెలిసినందువల్ల గుండె తేలిక కాలేదు.

"వాడు అడిగితే మాత్రం మీరు వెయ్యాలా అత్తయ్యా?" అంది చివరికి. "వాడు చిన్నవాడు. మీరు పెద్దవారు."

ముసలామె మళ్ళీ ఒక కాయ తీసుకుని ఒలవడం మొదలుపెట్టింది. చేతులు ఊరుకుంటే మాట రాని మనిషి.

"వెనకటి యుద్ధంలోనూ నన్నడిగారు," అంది. "నీకు తెలియదు, మీ మామయ్య చెప్పనివ్వలేదు. నీ మొగుడు వెళ్ళాక రెండోవాణ్ణి కూడా రమ్మన్నారు. మూడు రోజుల్లో తల్లిగాని తండ్రిగాని వచ్చి అడిగితే వదిలేస్తామన్నారు. మీ మామయ్య, ఒకరి గుమ్మంలో చెయ్యి చాచడమేంటి అన్నాడు. నేను నోరు మూసుకున్నాను. వాడు పోయాడు. ఈసారి నోరు మూసుకోకూడదనుకున్నాను. వేలు చాచాను. వీడు పోయాడు. మూసుకున్నా పోయారు, చాచినా పోయారు. ఇంకేం చెయ్యాలో నాకు తెలియదమ్మా. నీకు తెలిస్తే చెప్పు."

ఎవరికి తెలుసు? పెరట్లో ముగ్గురు ఆడవాళ్ళున్నారు. ముగ్గురూ కలిపి ఇద్దరు మొగుళ్ళని, ముగ్గురు కొడుకుల్ని, ఒక మనవణ్ణి యుద్ధాలకి ఇచ్చారు. లెక్క తప్పనుకోకండి, పోయింది ముగ్గురే. ఒక్కొక్క మగవాడు పోయినప్పుడల్లా ఇంట్లో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళ దగ్గర్నుంచి పోతాడు. పెద్దకోడలు చెయ్యి చాచి ముసలామె ఒళ్ళో ఉన్న కాయ ఒకటి తీసుకుంది. క్షమించి కాదు. చేతులకి ఏదో ఒక పని కావాలి. ఒలిచి గింజలు చాప మీద పోసింది. గుమ్మంలో నిలబడ్డ చిన్నకోడలు మెల్లగా వచ్చి కాస్త ఎడంగా కూర్చుంది.

అప్పుడు దడి వైపు నుంచి అలికిడయింది. ముగ్గురూ తలలెత్తారు.

చిన్నబ్బాయి నిలబడి ఉన్నాడు. బాడిశకి పదును పెట్టాలని సానరాయి కోసం పెరట్లోకి వచ్చాడట. ఎంతసేపయిందో ఎవరూ అడగలేదు. వాడి ముఖం చూస్తే అడగాల్సిన పని లేదు. మూడేళ్ళుగా వాడు సర్కారు తన పేరు రాసిందని, అది తన అదృష్టమో ఖర్మో అయి ఉంటుందని, ఊరంతా చీటీబాబు అన్నా పళ్ళబిగువున భరించాడు. నా చేతిలో ఏముంది అనుకోబట్టే భరించాడు. ఆ అండ ఇప్పుడు విరిగింది. బాడిశని జాగ్రత్తగా, పదును పైకి ఉండకుండా, గట్టు మీద పెట్టాడు.

"రేపు లారీ వస్తోంది," అన్నాడు.

చిన్నకోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వాడు తల్లి వైపు చూడలేదు, నానమ్మ వైపూ చూడలేదు. వచ్చి పెద్దకోడలి ముందు, చెక్కపొట్టు అంటిన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బిగించాల్సిన ఆకులు ఆరున్నాయని, వాటిని ఈ సాయంత్రానికి పూర్తి చేస్తానని, చక్రానికి ఇనప పట్టా వెయ్యడానికి కమ్మరితో మాట్లాడతానని చెప్పాడు. ఎక్కడికో పెళ్ళికి వెళ్తున్నవాడు పనులు అప్పగిస్తున్నట్టు చెప్పాడు.

"పెద్దమ్మా, వాళ్ళిద్దర్నీ నేను అడగను. నిన్నడుగుతాను. నువ్వు ఉండమంటే ఉంటాను, ఊళ్ళోవాళ్ళు ఏమన్నా సరే. వెళ్ళమంటే వెళ్తాను. నీ మాట మీద ఉంటాను."

పెద్దకోడలు వాడి వైపు చూసింది. ఇల్లు చేరాక ఇప్పుడే చూసింది. నుదుటి మీద చెమట, చెవి వెనక ఇరుక్కున్న చెక్కపేడు. మొదటిసారి అత్తగారిని అడిగారు. రెండోసారీ అత్తగారినే అడిగారు. ఇప్పుడు వంతు తనకి వచ్చింది. వెళ్ళమని అనగలనని ఒక్క క్షణం అనిపించింది. చిన్నకోడలు కూడా ఆ బరువు మోయనీ అనిపించింది. అలా అనుకున్నది తనేనా అని భయమేసింది. ఉండు అనడమూ కుదరదు. అంటే తన కొడుకు పోవడం సరేనని తనూ వేలిముద్ర వేసినట్టే.

చెవి వెనక చెక్కపేడు తీసి పడేసింది.

"నీ అన్న అర్జీ రాశాడట," అంది. "వాడు రాసిన ఉత్తరాలన్నీ నువ్వే నాకు చదివి పెట్టావు. అదొక్కటీ వినలేదు. ఆ కాగితం ఆఫీసులో ఇంకా ఉంది, గుమాస్తా ముందున్న కాగితాల కట్ట నా కళ్ళతో చూశాను. రేపు పొద్దున నాతో పట్నం రా. ఆ గుమాస్తా కాళ్ళు పట్టుకునైనా తీయిస్తాను. తమ్ముడి పేరు ఎందుకు రాయమన్నాడో, ఏమేం రాశాడో, ఒక్క ముక్క పోకుండా నాకు చదివి వినిపించు. మధ్యాహ్నానికి వెనక్కి వచ్చెయ్యొచ్చు. అది విన్నాక చెప్తాను."

వాడు తలూపాడు. ముసలామె కూడా, అది సబబే అన్నట్టు, చేతిలో కాయ కింద పెట్టింది. పెద్దకోడలు లేవడానికి నేల మీద చెయ్యి ఆనించింది. ఆ చేతి మీద ఇంకో చెయ్యి పడింది.

చిన్నకోడలిది. చల్లగా ఉంది.

"వెళ్ళొద్దక్కా," అంది చిన్నకోడలు. "ఆ కాగితం వీడి చేత చదివించొద్దు."

"ఎందుకని?"

చిన్నకోడలు కొడుకు వైపు చూసింది, వెంటనే చూపు తిప్పుకుంది.

"మెట్ల మీద అయిపోయిందని మాత్రమే అన్నాడని చెప్పాను కదా. అబద్ధం చెప్పాను. ఆ రోజు వాడు నానమ్మని బండెక్కించి వచ్చి, జేబులోంచి అర్జీ నకలు తీసి, నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి, మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాడు. వీడి తండ్రి గురించి రాశాడక్కా అందులో."